పాత బస్సుకు ప్రైమరు పూత

పాత బస్సుకు కొత్త రంగు వేసే ముందు దాని ఉపరితలాన్ని శుభ్రపరచి, తుప్పును తొలగించి, సొట్టలను సరిచేసి, పై రంగు గట్టిగా పట్టుకొనేందుకు వీలుగా వేసే తొలి పూతను ప్రైమరు పూత అంటారు. ఈ పూతకు ముందు జరిగే పనులన్నిటినీ కలిపి ఉపరితల సిద్ధీకరణ అని వ్యవహరిస్తారు. కంటికి కనిపించే మెరుపు చివరి పూత వలన వచ్చినా, ఆ రంగు ఎన్ని సంవత్సరాలు నిలుస్తుందనేది కనిపించని ఈ పనులపైనే ఆధారపడి ఉంటుంది. సరిగా సిద్ధం చేయని రేకుపై ఎంత ఖరీదైన రంగు వేసినా అది త్వరలోనే పొక్కులు లేచి ఊడిపోతుంది.

రంగు బస్సుకు అలంకారం మాత్రమే కాదు. పాత పూతను తొలగించినప్పుడే బస్సు కాయంలోని తుప్పు, పగుళ్ళు బయటపడతాయి. వాటిని బాగుచేస్తే ప్రయాణికులకు రక్షణ, లప్పంతో కప్పివేస్తే ప్రమాదం. పాత రంగులను గీకినప్పుడు లేచే ధూళిలో సీసం వంటి విషపదార్థాలు ఉండే అవకాశం ఉన్నందున, ఈ పనికి పనివారి ఆరోగ్యంతోనూ దగ్గరి సంబంధం ఉంది.

వాడుకలో ఉన్న పదాలు

వాహనాల మరమ్మతు షెడ్లలో ఈ పనికి సంబంధించిన పదాలలో అధికభాగం ఆంగ్లం నుండి వచ్చి తెలుగులో స్థిరపడినవే. సొట్టలు తీసే పనిని టింకరింగ్ లేదా డెంటింగ్ అంటారు. గుంటలను పూడ్చే ముద్దను పుట్టీ లేదా లప్పం అని, రుద్దే కాగితాన్ని ఉప్పు కాగితం లేదా గరుకు కాగితం అని, నీటితో తడిపి రుద్దే కాగితాన్ని వాటర్ పేపరు అని పిలుస్తారు. రంగును పలుచన చేసే ద్రవం థిన్నరు. ఐరన్ ఆక్సైడు కలిసిన ఎర్రని ప్రైమరుకు రెడాక్సైడ్ అని పేరు. ఉప్పు కాగితానికి వేసే సంఖ్య పెరిగేకొద్దీ కాగితం నున్నగా ఉంటుంది. 80 సంఖ్య కాగితం బాగా గరుకైనది, 600 సంఖ్య కాగితం మెత్తనిది.

చరిత్ర

మోటారు వాహనాలు వచ్చిన తొలినాళ్ళలో వాటికి గుర్రపు బండ్లకు వేసే పద్ధతిలోనే రంగు వేసేవారు. అవిసె నూనెతో చేసిన రంగులను, వార్నిషులను కుంచెతో పూతపై పూతగా వేసి, ప్రతి పూతనూ ఆరనిచ్చి రుద్దేవారు. అందువలన ఒక్క వాహనానికి రంగు వేయడానికి వారాల కాలం పట్టేది. 1920వ దశకంలో అమెరికాలో నైట్రోసెల్యులోజ్ లాకర్లు వాడుకలోకి వచ్చాక ఈ కాలం బాగా తగ్గింది. డ్యూపాంట్ సంస్థ డ్యూకో అనే పేరుతో వీటిని అమ్మింది. ఆ వాణిజ్య నామమే భారతదేశంలో వాహనాల రంగుకు సాధారణ నామంగా మారి, నేటికీ కొన్నిచోట్ల వినిపిస్తుంది. ఆ తరువాత ఆల్కిడ్ ఎనామిళ్ళు, అనంతరం రెండు భాగాలను కలిపి వాడే పాలీయురేథేన్ రంగులు వచ్చాయి.

ఇనుముకు తొలి పూతగా చాలాకాలం ఎర్ర సీసపు ఆక్సైడును, అనగా సిందూరాన్ని, అవిసె నూనెలో కలిపి వాడేవారు. ఇది తుప్పును బాగా అడ్డుకొనేది, కాని విషపూరితమైనది. తరువాత జింక్ క్రోమేట్ ప్రైమర్లు వచ్చాయి. వీటిలోని షట్సంయోజక క్రోమియం కాన్సరు కారకమని తేలింది. వీటి స్థానాన్ని జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్లు చాలావరకు ఆక్రమించాయి.

1960వ దశకం నుండి కార్ల కర్మాగారాలలో కాయాన్ని ప్రైమరు తొట్టిలో ముంచి, విద్యుత్తు సహాయంతో మూలమూలలకూ పూత పట్టించే పద్ధతి వ్యాపించింది. వాడుకలో ఉన్న పాత బస్సును అలా ముంచడం సాధ్యం కాదు. కనుక పాత బస్సు విషయంలో నేటికీ చేతిపనే ప్రధానం.

తెలుగు ప్రాంతాలలో

హైదరాబాదు సంస్థానంలో 1932లో నిజాం రాష్ట్ర రైల్వేకు అనుబంధంగా 27 బస్సులతో ప్రభుత్వ రోడ్డు రవాణా మొదలయింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడింది. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణకు వేరుగా సంస్థ ఏర్పడింది. ఆర్టీసీ బస్సులకు చాలాకాలం ఉన్న ఎర్ర రంగు వలన పల్లెలలో "ఎర్రబస్సు" అనే పేరు స్థిరపడింది. "ఎర్రబస్సు ఎక్కి వచ్చావా" అని పట్నవాసులు ఎగతాళి చేయడం నుడికారంగా మారింది. హైదరాబాదులో ఆర్టీసీకి బస్సు కాయ నిర్మాణశాల ఉంది.

బస్సు కాయంలోని పదార్థాలు

భారతదేశంలో చాలా బస్సుల విషయంలో ఇంజను, చక్రాలు గల ఛాసిస్‌ను ఒక సంస్థ తయారు చేస్తే, దానిపై కాయాన్ని వేరొక నిర్మాణశాలలో కడతారు. అందువలన ఒకే బస్సులో పలు రకాల పదార్థాలు కనిపిస్తాయి. ప్రైమరు ఎంపిక వీటిపై ఆధారపడి ఉంటుంది.

ఉక్కు: కాయపు చట్రం, నేల కింది దూలాలు, మెట్ల గూడు సాధారణంగా ఉక్కుతో ఉంటాయి. తుప్పు పట్టే ప్రధాన భాగాలు ఇవే.

జింకు పూత గల రేకు: పక్క పలకలకు, పైకప్పుకు వాడతారు. జింకు పొర ఉన్నంతవరకు లోపలి ఇనుముకు రక్షణ ఉంటుంది. గరుకుగా రుద్ది ఆ పొరను అరగదీస్తే రక్షణ పోతుంది.

అల్యూమినియం: తేలికైనది, ఎర్ర తుప్పు పట్టదు. అయితే గాలి తగలగానే దీనిపై పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. సాధారణ ప్రైమరు ఈ పొరను గట్టిగా పట్టుకోలేదు.

ఫైబర్ గ్లాసు: ముందు, వెనుక ముఖభాగాలకు వాడతారు. దీనికి తుప్పు సమస్య లేదు గాని, ఎండకు పై పొర పొడిబారి సన్నని పగుళ్ళు వస్తాయి.

తుప్పు - కారణాలు

ఇనుము నీరు, ఆక్సిజన్‌లతో కలిసి తుప్పుగా మారుతుంది. ఉప్పు ఉంటే నీటి విద్యుద్వాహకత పెరిగి ఈ చర్య వేగవంతమవుతుంది. అందువలన విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాలలో తిరిగే వాహనాలకు తుప్పు బెడద అధికం. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ స్థలాన్ని ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద పుట్టిన తుప్పు పై పొరను పైకి నెట్టి పొక్కులా లేపుతుంది. ఆ పొక్కు పగిలితే నీరు లోపలికి చేరి తుప్పు మరింత విస్తరిస్తుంది.

రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదానినొకటి తాకినప్పుడు కూడా ఒక లోహం త్వరగా క్షీణిస్తుంది. ఉక్కు చట్రానికి అల్యూమినియం పలకలను రివెట్లతో బిగించినచోట, రివెట్ల చుట్టూ తెల్లని పొడి కనిపించడానికి కారణం ఇదే. ఇటువంటి అతుకుల మధ్య ప్రైమరు పూత గాని, జిగురు పట్టీ గాని ఉంటే లోహాలు నేరుగా తాకవు.

పరిశీలన

పని మొదలుపెట్టే ముందు బస్సును నీడలో నిలిపి, పైనుండి కిందివరకు పరిశీలించి, లోపాలున్న చోట్ల సుద్దతో గుర్తు పెడతారు. ముఖ్యంగా చూడవలసిన భాగాలు:

చక్రాల గూళ్ళ లోపలి అంచులు
కిటికీల కింది గాడులు, అద్దం రబ్బరుల కింది భాగం
మెట్ల గూడు, తలుపు కింది అంచు
పైకప్పు రివెట్లు, వాన నీరు జారే అంచు
పక్క పలకల అడుగు అంచు, నేల కింది అడ్డ దూలాలు
సామాను అర, బ్యాటరీ పెట్టె

బ్యాటరీ పెట్టె చుట్టూ ఆమ్లం చిందడం వలన తుప్పు లోతుగా ఉంటుంది. పలకలను వేలి కణుపుతో తట్టి చూస్తే గట్టి రేకు మోగుతుంది, తుప్పు తిన్న రేకు గాని, మందపాటి లప్పం గాని మూగగా పలుకుతుంది. ఒక అయస్కాంతాన్ని ఆనించినప్పుడు ఉక్కు రేకుపై అది బలంగా అంటుకోకపోతే, అక్కడ రంగు కింద మందంగా లప్పం ఉందని భావించవచ్చు. అల్యూమినియం, ఫైబర్ భాగాలపై ఈ పరీక్ష పనిచేయదు.

రివెట్ల చుట్టూ తిరిగే పగుళ్ళు, నిలువు స్తంభాల మొదట్లో తుప్పు, దూలాల అతుకుల వద్ద విరుపు కనిపిస్తే అవి రంగుకు సంబంధించిన లోపాలు కావు. బస్సు బోల్తాపడినప్పుడు పైకప్పు బరువును మోసేది ఆ స్తంభాలే. వాటిని రంగు పనివారు లప్పంతో పూడ్చకూడదు. తుప్పు తిన్న భాగాన్ని కోసి, కొత్త లోహాన్ని అతికించే పని కాయ నిర్మాణం తెలిసినవారు చేయాలి. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలను విడదీయడం తప్పనిసరి.

విడి భాగాల తొలగింపు, కడగడం

దీపాలు, అద్దాలు, వైపర్లు, బంపర్లు, పేరు పలకలు వంటివాటిని తొలగిస్తారు. వాటి చుట్టూ కాగితం అంటించి రంగు వేయడం కంటే తీసివేయడం మేలు. అంచు కింద దాగిన తుప్పు అప్పుడే కనిపిస్తుంది. తీసిన ప్రతి మరను, మేకును విడివిడి డబ్బాలలో పేరు రాసి భద్రపరుస్తారు. ఛాసిస్ సంఖ్య చెక్కిన చోటును రుద్దకూడదు, లప్పంతో గాని మందపు పూతతో గాని కప్పకూడదు.

తరువాత బస్సును నీటితో, సబ్బు ద్రావణంతో కడుగుతారు. చక్రాల గూళ్ళలో పేరుకొన్న బురదను చెక్క ముక్కతో గీకి, ధారగా నీటిని కొడతారు. బురద తడిని పట్టి ఉంచుతుంది కనుక దాని కింద తుప్పు ఎప్పుడూ జీవించే ఉంటుంది.

నూనె, గ్రీజు, మైనం మరకలను థిన్నరులో లేదా ప్రత్యేక ద్రావణిలో తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరకముందే వేరొక పొడి గుడ్డతో తీసివేస్తారు. ఈ పనిని రుద్దడానికి ముందే చేయాలి. ముందుగా రుద్దితే జిడ్డు ఉప్పు కాగితంతోపాటు గీతలలోకి దిగిపోయి, ఆ తరువాత ఎంత తుడిచినా పోదు. శుభ్రపడినదీ లేనిదీ తెలుసుకోవడానికి తేలిక పరీక్ష ఒకటి ఉంది. పలకపై శుభ్రమైన నీటిని పోసినప్పుడు అది పలుచని పొరగా పరుచుకుంటే జిడ్డు లేనట్లు. తామరాకుపై వలె బొట్లు బొట్లుగా విడిపోతే జిడ్డు ఉన్నట్లు.

పాత రంగు తొలగింపు

పాత రంగు మొత్తాన్నీ తొలగించవలసిన అవసరం ప్రతిసారీ ఉండదు. గట్టిగా అంటుకొని ఉన్న పాత పూత కొత్త పూతకు మంచి ఆధారమే. దీనిని పరీక్షించడానికి ఒకచోట బ్లేడుతో అడ్డగీతలు, నిలువుగీతలు గీసి, దానిపై అంటుకొనే టేపును నొక్కి ఒక్కసారిగా లాగుతారు. చదరపు ముక్కలు టేపుతో ఊడివస్తే ఆ పూతను తొలగించాలి. థిన్నరులో తడిపిన దూదిని కాసేపు ఆనించినప్పుడు పాత రంగు మెత్తబడితే, బలమైన థిన్నరు గల కొత్త పూత దానిని ముడతలు పడేలా చేస్తుందని గ్రహించాలి.

పాత రంగును తొలగించే పద్ధతులు:

చేతితో గీకడం, రుద్దడం: చిన్న భాగాలకు అనువైనది. శ్రమ ఎక్కువ, ఖర్చు తక్కువ.

యంత్రంతో రుద్దడం: 80 సంఖ్య కాగితంతో మొదలుపెడతారు. ఒకేచోట ఎక్కువసేపు ఆపితే పలుచని రేకు వేడెక్కి వంకరపోతుంది.

రసాయనాలు: రంగును ఉబ్బించి వదులు చేస్తాయి. వాటి శేషాన్ని పూర్తిగా కడగకపోతే కొత్త రంగు నిలవదు. ఫైబర్ గ్లాసుపై వీటిని వాడరాదు. మెథిలీన్ క్లోరైడు గల రసాయనాల ఆవిరి మూసిన చోట ప్రాణాంతకం. అమెరికాలో వినియోగదారులకు ఇటువంటి రంగు తొలగింపు రసాయనాల అమ్మకాన్ని 2019లో నిషేధించారు.

రేణువులను వేగంగా చిమ్మడం: మందపాటి ఉక్కు చట్రానికి చాలా మంచిది. పలుచని పలకలు దీనివలన వంగిపోతాయి. మామూలు ఇసుకను ఇందుకు వాడకూడదు. దాని ధూళి వలన సిలికోసిస్ అనే నయంకాని ఊపిరితిత్తుల వ్యాధి వస్తుంది. బ్రిటన్‌లో పోత వస్తువులను శుభ్రపరచడానికి ఇసుక చిమ్మడాన్ని 1949 నాటి నిబంధనలతోనే నిషేధించారు.

పాత రంగును కొంతమేర మాత్రమే తొలగించినచోట, మిగిలిన పూత అంచు మెట్టులా నిలుస్తుంది. ఆ మెట్టును 120 నుండి 180 సంఖ్య కాగితంతో క్రమంగా పలుచన చేసి, వేలితో తడిమినా తెలియనంతగా లోహంలో కలిపివేయాలి. లేనిపక్షంలో మెరిసే చివరి పూతపై ఆ అంచు గీతలా కనిపిస్తుంది.

చారిత్రక బస్సులను పునరుద్ధరించేవారు రంగు మొత్తాన్నీ ఒకేసారి తీసివేయరు. ముందుగా ఒక చిన్న చోట వలయాలుగా రుద్దుతూ పోతారు. చెట్టు మానులోని వలయాల వలె ఒకదాని కింద ఒకటిగా పాత రంగులు బయటపడి, ఆ బస్సు తొలినాటి రంగు ఏదో తెలుస్తుంది. ఆ నమూనాను ఛాయాచిత్రం తీసి భద్రపరచిన తరువాతనే మిగతా పని సాగిస్తారు.

తుప్పు తొలగింపు

వదులుగా ఉన్న తుప్పును తీగ బ్రష్షుతోను, గీకుడు పలకతోను తీసి, మెరిసే లోహం కనిపించేవరకు రుద్దుతారు. ఉక్కుపై వాడిన తీగ బ్రష్షును అల్యూమినియంపై వాడరాదు. బ్రష్షు నుండి రాలిన ఇనుప రేణువులు అల్యూమినియంలో గుచ్చుకొని, అక్కడ క్షయాన్ని ప్రారంభిస్తాయి.

గుంటలలో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం గల ద్రావణాన్ని గాని, టానిక్ ఆమ్లం గల ద్రావణాన్ని గాని పూస్తారు. మొదటిది తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా, రెండవది నల్లని ఐరన్ టానేటుగా మారుస్తుంది. ఈ రెండవ చర్య తెలుగువారికి కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ రసం పట్టించిన వస్త్రంపై, ఇనుము, బెల్లం ఊరబెట్టిన ద్రవంతో గీసినప్పుడు నల్లని గీత ఏర్పడడానికి కారణం ఇదే. కరక్కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి నల్లని సమ్మేళనాన్ని ఇస్తాయి. అయితే ఈ ద్రావణాలు పలుచని తుప్పుకే పనికివస్తాయి. పొరలుగా లేచే తుప్పుపై పూస్తే పైపొర మాత్రమే మారి, లోపల తుప్పు కొనసాగుతుంది.

శుభ్రపరచిన ఉక్కు చాలా త్వరగా మళ్ళీ తుప్పు పడుతుంది. తేమ గల గాలిలో కొన్ని గంటలలోనే పసుపుపచ్చని పొర కనిపిస్తుంది. చెమట పట్టిన చేతిముద్ర కూడా తుప్పుకు బీజం అవుతుంది. కనుక ఆ రోజు ప్రైమరు వేయగలిగినంత మేరకే లోహాన్ని బయటపెట్టడం మంచి పద్ధతి.

ప్రైమరు రకాలు

ప్రైమరు మూడు పనులు చేస్తుంది. లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది, తుప్పును అడ్డుకుంటుంది, పై పూతకు పట్టు ఇస్తుంది. ఈ మూడింటినీ సమంగా చేసే ప్రైమరు అరుదు. అందువలన అవసరాన్ని బట్టి రెండు మూడు రకాలను వరుసగా వాడతారు.

ఎచ్ ప్రైమరు: ఫాస్ఫారిక్ ఆమ్లం, పాలీవినైల్ బ్యూటిరాల్ రెజిన్ గల పలుచని పూత. లోహపు ఉపరితలాన్ని స్వల్పంగా కొరికి పట్టుకుంటుంది. అల్యూమినియం, జింకు రేకులకు అనువైనది. దీనిపై నేరుగా పాలిస్టరు పుట్టీ పెట్టకూడదు. ఆమ్లం వలన పుట్టీ సరిగా గట్టిపడదు.

ఎపాక్సీ ప్రైమరు: రెండు భాగాలను కలిపి వాడతారు. నీటిని బాగా అడ్డుకుంటుంది. లోహాన్ని, పాత పూతను, ఫైబరును కూడా పట్టుకుంటుంది. ఎండకు మాత్రం పొడిబారుతుంది కనుక దీనిపై మరో పూత తప్పనిసరి.

జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు: ఉక్కు చట్రానికి, నేల కింది భాగాలకు తగినది.

రెడాక్సైడ్ ప్రైమరు: చవకైనది, ఎక్కువగా వాడుకలో ఉన్నది. ఉక్కుకు పనికివస్తుంది. ఆల్కిడ్ రెజిన్‌తో చేసిన రెడాక్సైడును జింకు రేకుపై నేరుగా వేయకూడదు. జింకు ఉపరితలంపై ఏర్పడే క్షార సమ్మేళనాలు ఆల్కిడ్‌లోని నూనెతో చర్య జరిపి సబ్బు వంటి పొరను ఏర్పరుస్తాయి. కొంతకాలానికి పూత మొత్తం రేకుల్లా లేచిపోతుంది. మంచి రంగు వేసినా బస్సు పక్కలు ఊడిపోయాయని వచ్చే ఫిర్యాదులకు తరచుగా ఇదే కారణం.

సర్ఫేసరు: ప్రైమరుపై మందంగా వేసి, సన్నని గీతలను పూడ్చి, రుద్ది నున్నగా చేసే పూత.

పుట్టీ పట్టడం

రేకును సుత్తితో, దిమ్మెతో వీలైనంత సరిచేసిన తరువాతనే పుట్టీ పెట్టాలి. పుట్టీ సొట్టను సరిచేసే సాధనం కాదు, సరిచేసిన తరువాత మిగిలిన ఎగుడుదిగుడును నింపే పదార్థం. పాలిస్టరు పుట్టీలో సాధారణంగా బరువులో 2 నుండి 3 శాతం గట్టిపరచే ముద్దను కలుపుతారు. అది ఎక్కువైతే పై రంగులోకి మరకగా ఊరుతుంది, తక్కువైతే పుట్టీ మెత్తగా ఉండిపోతుంది. కలిపిన పుట్టీ కొద్ది నిమిషాలలోనే గట్టిపడుతుంది కనుక కొంచెం కొంచెంగా కలుపుకోవాలి.

పుట్టీ నీటిని పీలుస్తుంది. కనుక దీనిని పొడిగానే రుద్దాలి. నీటితో రుద్దితే ఆ తడి లోపల నిలిచి, ఎండలో ఆవిరై పై రంగును పొక్కులు లేపుతుంది. రేకులోని రంధ్రాలను కాగితం గాని, జాలీ గాని అడ్డుపెట్టి పుట్టీతో మూయడం మరింత హానికరం. బస్సు కుదుపులకు ఆ ముద్ద పగులుతుంది, వెనుకవైపు నుండి చేరిన నీరు చుట్టుపక్కల లోహాన్ని తినివేస్తుంది. బయటినుండి చూసేవారికి బస్సు కొత్తదిలా కనిపిస్తూనే ఉంటుంది.

ప్రైమరు వేయడం

రుద్దిన ధూళిని గాలితో ఊది, జిగురు గుడ్డతో తుడిచి, కిటికీలను, టైర్లను, గొట్టాలను కాగితంతో కప్పుతారు. లోహపు ఉష్ణోగ్రత గాలిలోని మంచు బిందువు కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువగాను, గాలిలో తేమ 85 శాతానికి లోపుగాను ఉండాలని సాధారణ నియమం. తెల్లవారుజామున రేకులపై కంటికి కనిపించని మంచు తడి ఉంటుంది. మండు వేసవి మధ్యాహ్నం ఎండలో నిలిపిన బస్సు రేకు చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది, పూత పరుచుకోకముందే ఆరి గరుకుగా మారుతుంది. ఈ రెండు సమయాలనూ తప్పించి, నీడలో పని చేయాలి.

కంప్రెసరు నుండి వచ్చే గాలిలో నీరు, నూనె ఉంటాయి. వాటిని వడకట్టే పరికరం లేకపోతే అవి ప్రైమరులో కలుస్తాయి. స్ప్రే గన్నును పలకకు సుమారు ఒక జానెడు దూరంలో, పలకకు లంబంగా ఉంచి, సమాన వేగంతో కదుపుతారు. ఒక్కొక్క పట్టీ ముందు పట్టీని సగం కప్పుతూ సాగాలి. రివెట్లకు, అతుకులకు, పదునైన అంచులకు ముందుగా కుంచెతో ఒక పూత వేయడం మంచిది. పదునైన అంచుపై పూత పలుచబడుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది.

మొదటి పూత ఆరిన తరువాత తయారీదారు సూచించిన వ్యవధిలో రెండవ పూత వేయాలి. ఆ వ్యవధి దాటితే మళ్ళీ రుద్ది వేయాలి. సర్ఫేసరుపై నల్లని పలుచని పొడి పూతను చల్లి రుద్దితే, గుంటలలో నలుపు మిగిలి లోపాలు బయటపడతాయి. చివరి రంగుకు ముందు 400 నుండి 600 సంఖ్య కాగితంతో నున్నగా రుద్దుతారు.

ప్రైమరు వేసిన బస్సును వారాల తరబడి ఆరుబయట వదిలివేయరాదు. రెడాక్సైడ్, సర్ఫేసరు వంటి పూతలలో సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. వాన నీరు వాటిగుండా లోహాన్ని చేరి, పూత కిందనే తుప్పును పుట్టిస్తుంది.

ఎంత ప్రైమరు కావాలి?

ఒక లీటరు ప్రైమరు ఎంత వైశాల్యానికి వస్తుందో తెలుసుకోవడానికి, అందులోని ఘనపదార్థ ఘనపరిమాణ శాతాన్ని 10తో గుణించి, కావలసిన పొడి పూత మందంతో భాగించాలి. మందాన్ని మైక్రాన్లలో తీసుకోవాలి. ఉదాహరణకు 50 శాతం ఘనపదార్థం గల ప్రైమరును 50 మైక్రాన్ల మందంతో వేస్తే లీటరుకు 10 చదరపు మీటర్లు వస్తుంది.

12 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు, చక్రాల పైన 2.6 మీటర్ల ఎత్తు గల బస్సు కాయాన్ని తీసుకుందాం. రెండు పక్కలు, ముందు, వెనుక భాగాలు కలిపి సుమారు 75 చదరపు మీటర్లు. అద్దాలకు 25 తీసివేస్తే 50. పైకప్పు 30. మొత్తం 80 చదరపు మీటర్లు. లెక్క ప్రకారం 8 లీటర్లు చాలు. స్ప్రే చేసేటప్పుడు మూడవ వంతుకు పైగా గాలిలో పోతుందనుకుంటే, ఒక పూతకు 12 నుండి 13 లీటర్లు సిద్ధం చేసుకోవాలి.

పనివారి ఆరోగ్యం, భద్రత

పాత పసుపు, నారింజ, ఎరుపు రంగులలో లెడ్ క్రోమేట్ వర్ణకాలు, పాత ప్రైమర్లలో సిందూరం ఉండవచ్చు. భారతదేశంలో 2016లో చేసిన నియమాలు గృహ, అలంకరణ రంగులలో సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు పరిమితం చేశాయి. ఇవి 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చాయి. పేరును బట్టే తెలిసినట్లు, ఈ నియమాలు గృహ, అలంకరణ రంగులకు ఉద్దేశించినవి. వాహనాలకు వేసిన పాత రంగులను సీసం లేనివిగా భావించరాదు.

సీసపు ధూళి శ్వాసద్వారా, చేతులద్వారా శరీరంలో చేరి నరాలను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లలలో మెదడు ఎదుగుదలకు హాని కలిగిస్తుంది. రక్తంలో సీసానికి హానిలేని స్థాయి అంటూ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది. షెడ్డులో పని చేసే వ్యక్తి అదే దుస్తులతో ఇంటికి వెళ్ళి బిడ్డను ఎత్తుకుంటే, ధూళి ఆ బిడ్డకు చేరుతుంది. కాబట్టి ఈ క్రింది జాగ్రత్తలు అవసరం.

అనుమానం ఉన్న పాత రంగును పొడిగా యంత్రంతో రుద్దరాదు, మంటతో కాల్చరాదు. తడిపి రుద్దాలి.
రుమాలు కట్టుకోవడం చాలదు. సన్నని ధూళిని వడకట్టే, ముఖానికి బిగుతుగా పట్టే మాస్కు వాడాలి.
పని స్థలంలో తినడం, తాగడం, బీడీ కాల్చడం చేయరాదు.
పని దుస్తులను షెడ్డులోనే మార్చుకొని, విడిగా ఉతకాలి.
రుద్దిన నీటిని, గీకిన పొట్టును మురుగు కాలువలోనికి, చెరువులోనికి వదలరాదు.

రెండు భాగాల పాలీయురేథేన్ పూతలలో ఐసోసయనేట్లు ఉంటాయి. ఇవి శ్వాసనాళాలను సున్నితం చేసి ఉబ్బసాన్ని కలిగిస్తాయి. ఒకసారి ఆ స్థితి వస్తే తరువాత కొద్దిపాటి ఆవిరి కూడా ప్రమాదకరం. వీటిని స్ప్రే చేసేవారికి బయటినుండి శుభ్రమైన గాలి అందించే ముసుగు అవసరం. ఎపాక్సీని గట్టిపరచే ద్రవాలు చర్మానికి దురద, పుండ్లు కలిగిస్తాయి కనుక చేతి తొడుగులు వాడాలి.

థిన్నరు ఆవిరి గాలికంటే బరువైనది. అది నేలపై, గోతులలో పేరుకొని చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. స్ప్రే చేసే చోట వెల్డింగు, పొయ్యి, తెరిచిన విద్యుత్ మీటలు ఉండరాదు. అవిసె నూనె, ఆల్కిడ్ రంగు తుడిచిన గుడ్డలను కుప్పగా పడవేస్తే వాటంతట అవే వేడెక్కి మండే అవకాశం ఉంది. వాటిని నీరు పోసిన మూత డబ్బాలో వేయాలి.

సాధారణ లోపాలు, కారణాలు

పొక్కులు: పూత కింద తడి, ఉప్పు లేదా చెమట.
చేపకన్ను వంటి గుంటలు: జిడ్డు, సిలికాన్ మైనం, గాలిలో నూనె.
ముడతలు: పాత పూత మెత్తబడడం, లేదా కింది పూత ఆరకముందే పై పూత వేయడం.
రేకులుగా ఊడడం: తగని ప్రైమరు, సరిగా రుద్దకపోవడం.
గీతలు కనిపించడం: గరుకు కాగితం నుండి ఒక్కసారిగా మెత్తని కాగితానికి దూకడం.
కిందికి కారడం: పూత మందం కావడం, థిన్నరు ఎక్కువ కావడం.

చట్టపరమైన అంశాలు

వాహనపు రిజిస్ట్రేషన్ పత్రంలో దాని రంగు కూడా నమోదై ఉంటుంది. రంగు మార్చదలచినవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయాన్ని సంప్రదించాలి. భారతదేశంలో పాఠశాల బస్సులకు పసుపు రంగు వేయడం ఆనవాయితీ. బస్సుల వంటి రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ పత్రం ఉండాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాలకు 2018లో చేసిన సవరణ ప్రకారం వాహనానికి ఎనిమిది సంవత్సరాలు నిండేవరకు రెండు సంవత్సరాలకు ఒకసారి, ఆ తరువాత ప్రతి సంవత్సరం దీనిని పునరుద్ధరించుకోవాలి. ఈ తనిఖీకి ముందు బస్సుకు రంగు వేయించడం పరిపాటి. రంగు కొత్తదైనంత మాత్రాన బస్సు గట్టిదని అర్థం కాదు. పాత పూతను తీసినప్పుడు చట్రంలో కనిపించిన లోపాలను ఛాయాచిత్రాలతో సహా రాసి యజమానికి అందజేస్తే, మరమ్మతు జరిగినదీ లేనిదీ తరువాత తెలుసుకోవడానికి ఆధారం ఉంటుంది.

ఇవి కూడా చూడండి

తుప్పు
సీసం
సిలికోసిస్
కలంకారీ
ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ